గీటురాయికి గీటురాయి ఏది?

(ఆదివారం సాయంత్రం మా ఊరి గ్రంథాలయంలో ఒక రిటైర్డ్ ఫిలాసఫీ లెక్చరర్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప మాటలు ఏవీ మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడకండి.

ఈ బల్ల మీద సామాను చూసి ఇందాకట్నుంచీ అడుగుతున్నారు, ఏంటి మేడమ్ ఇవి అని. ఒక మైనం ముద్ద, ఒక స్టీలు గరిటె, ఒక కొవ్వొత్తి, అగ్గిపెట్టె. వాటి దగ్గరికి వస్తాను. ముందు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. బంగారం అంటే ఏమిటో మీకు తెలుసా? తెలుసు. చిన్నపిల్లలకీ తెలుసు. సరే, రేపు పొద్దున ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి మీ చేతిలో ఒక గొలుసు పెట్టి, ఇది బంగారం, దీన్ని ఉంచుకుని యాభై వేలు సర్దండి అన్నాడనుకోండి. ఇస్తారా? ఇవ్వరు. కంసాలి దగ్గరికి తీసుకెళ్తారు. ఆయన గీటురాయి మీద గీసి, ఆ గీత మీద ఆసిడ్ చుక్క వేసి చూసి, అప్పుడు చెబుతాడు.

చూశారా, ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి. బంగారం అంటే ఏమిటి అన్నది ఒకటి. నా చేతిలో ఉన్నది బంగారమేనా అన్నది ఇంకొకటి. మొదటిది తెలిసినంత మాత్రాన రెండోది తేలదు. నిజం సంగతి కూడా ఇంతే. నిజం అంటే ఏమిటి? ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం. దీని మీద పెద్ద తగాదా లేదు. మరి నేను ఇప్పుడు నమ్ముతున్న ఈ మాట నిజమేనా, అది నాకెలా తెలుస్తుంది? తగాదా అంతా దీని మీద. ఈరోజు నేను చెప్పబోయే సుమారు రెండు వందల ఏళ్ళ యూరప్ తత్వశాస్త్రం, అంటే 1560ల నుంచి 1750 దాకా, దాదాపుగా ఈ రెండో ప్రశ్న చుట్టూనే తిరిగింది. గీటురాయి వేటలో తిరిగింది.

ఇది నా సొంత మాట కాదు. 1639లో ఫ్రెంచి తత్వవేత్త రెనే డెకార్ట్ తన స్నేహితుడు మెర్సెన్‌కి ఒక ఉత్తరం రాశాడు. అప్పట్లో ఇంగ్లండ్‌కి చెందిన హెర్బర్ట్ ప్రభువు సత్యం గురించి ఒక పెద్ద పుస్తకం రాశాడు. అది చదివి డెకార్ట్ ఏమన్నాడంటే, సత్యం అంటే ఏమిటన్న అనుమానం నాకెప్పుడూ రాలేదు, అది ఎవరికీ తెలియకుండా ఉండే విషయం కాదు అన్నాడు. ఆలోచన వస్తువుతో సరిపోలడమే సత్యం అని చెప్పొచ్చు, కానీ ఆ ముక్క చెబితే తెలియనివాడికి కొత్తగా తెలిసేదేమీ లేదు అన్నాడు. అంటే మొదటి ప్రశ్నని అక్కడితో పక్కన పెట్టేశాడు. అన్నిటినీ అనుమానించిన మనిషిగా పేరుపడ్డవాడు, ఈ ఒక్కదాన్ని అనుమానించలేదు. నాకిది చాలా ముఖ్యంగా కనిపిస్తుంది.

మరి గీటురాయి గొడవ ఎక్కడ మొదలైంది? మతంలో మొదలైంది. అప్పటిదాకా పశ్చిమ యూరప్‌లో ఏది నిజమో తేల్చే చివరి మాట చర్చిది. 1517లో జర్మనీలో మార్టిన్ లూథర్ అనే సన్యాసి చర్చి మీద లేచాడు. కొన్నేళ్ళలో ఆ తగువు ఎక్కడికి చేరిందంటే, పోపు చెప్పింది, చర్చి సభలు తీర్మానించింది ప్రమాణం కాదు, బైబిల్ గ్రంథమే ప్రమాణం అన్నాడు. అవతలివాళ్ళేమన్నారు? గ్రంథానికి నీ అర్థం సరైనదని నీకెవరు చెప్పారు అన్నారు. ఇది బంగారమా కాదా అన్న తగువు అయితే రాయి మీద గీసి తేలుస్తాం. రాయే సరైనదా కాదా అన్న తగువైతే? దేని మీద గీస్తాం?

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1562లో, సెక్స్టస్ ఎంపిరికస్ అనే పాతకాలపు సంశయవాది గ్రీకులో రాసిన పుస్తకం లాటిన్‌లో అచ్చయింది. దాన్ని ఆకళింపు చేసుకున్నవాడు మోంటేన్ అనే రచయిత. ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గర తన ఇంటి బురుజులో కూర్చుని రాసుకున్నాడు. ఆయన వాదం చాలా సులువు. కంటికి కనిపించేవాటిలో ఏది నిజమో తేల్చాలంటే ఒక సాధనం కావాలి. ఆ సాధనం సరైనదని తేల్చాలంటే ఒక రుజువు కావాలి. ఆ రుజువు సరైనదని తేల్చాలంటే మళ్ళీ సాధనం కావాలి. గానుగెద్దులా అక్కడక్కడే తిరగడమే. గీటురాయికి గీటురాయి ఏది? నాకేం తెలుసు? ఆయన తనకు తాను పెట్టుకున్న ప్రశ్న ఇదే: నాకేం తెలుసు?

దీనికి తోడు ఖగోళశాస్త్రం. 1543లో కోపర్నికస్ భూమి తిరుగుతోందన్నాడు. రోజూ పొద్దున్నే కళ్ళెదుట సూర్యుడు లేస్తున్నాడు, సాయంత్రం కుంగుతున్నాడు. మనం ఏమంటాం? చేతికున్న కంకణం చూసుకోవడానికి అద్దం ఎందుకు అంటాం. కళ్ళతో చూసినదానికి సాక్ష్యం ఎందుకని. ఇప్పుడు కళ్ళతో చూసిందే తప్పంటున్నారు. అదే మాటని సమర్థించినందుకు 1633లో గెలీలియోని చర్చి విచారించి శిక్షించింది. ఆ వార్త విని హాలండ్‌లో ఉన్న డెకార్ట్ అచ్చుకి సిద్ధమవుతున్న తన పుస్తకాన్ని ఆపేసుకున్నాడు.

డెకార్ట్ 1596లో పుట్టాడు. లా ఫ్లెష్ అనే చిన్న ఊళ్ళో జెస్యూట్ల కాలేజీలో, అంటే ఒక కాథలిక్ సన్యాసి సంఘం నడిపే కాలేజీలో, చదువుకున్నాడు. ఆ ఊరి పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. 1641లో ‘ధ్యానాలు’ అచ్చువేశాడు. ఆరు ధ్యానాలు, ఆరు రోజుల ఆలోచన లాగా ఉంటుంది. మొదటి రోజు అన్నీ పడగొట్టేస్తాడు. కళ్ళు ఒకసారి మోసం చేశాయి, కాబట్టి వాటిని పూర్తిగా నమ్మను. నిప్పు పక్కన కూర్చుని రాస్తున్నాననుకుంటున్నాను, కానీ కలలో కూడా ఇలాగే అనుకున్నాను కదా. రెండూ మూడూ కలిపితే అయిదు, ఇది కలలో కూడా అయిదే. కానీ ఎంతో శక్తి ఉన్న మాయావి ఎవడో నన్ను లెక్కలో కూడా మోసం చేస్తుంటే? అక్కడ ఆగుతాడు. ఇక ఏం మిగిలింది? మోసపోతున్నా సరే, మోసపోవడానికి నేనంటూ ఉండాలి కదా! ‘నేనున్నాను’ అన్న మాట, నేను అనుకున్న ప్రతిసారీ నిజం. దాన్ని ఎంత మాయావీ అబద్ధం చెయ్యలేడు.

ఇది అందరూ చెప్పేదే. నేను మాత్రం ఈ మైనం కోసమే వచ్చాను.

రెండో ధ్యానంలో డెకార్ట్ ఒక మైనం ముక్క తీసుకుంటాడు. అప్పుడే తేనెపట్టులోంచి తీసింది. నేను కూడా తేనె తీసేవాళ్ళ దగ్గర అడిగి తెచ్చాను, ఫ్యాన్సీ షాపు కొవ్వొత్తి మైనం కాదు. అమ్మాయీ, నువ్వు రా. దీన్ని వాసన చూడు. ఏం వాసన? తేనె వాసన. ఇంకా? పువ్వుల వాసన లాంటిది, కదా. రంగు? పసుపు, కొంచెం గోధుమ. పట్టుకో. గట్టిగా ఉంది, చల్లగా ఉంది. బల్ల మీద కొట్టు. విన్నారా? టక్‌మంది. డెకార్ట్ కూడా సరిగ్గా ఇవే రాశాడు: రుచి, వాసన, రంగు, ఆకారం, గట్టితనం, చల్లదనం, వేలితో కొడితే చప్పుడు. ఒక వస్తువు మనకు బాగా తెలిసింది అనడానికి ఇంకేం కావాలి?

బాబూ, ఈ గరిటె పట్టుకో. గుడ్డ చుట్టి పట్టుకో, కాలుతుంది. ముక్క అందులో వెయ్యి. కింద కొవ్వొత్తి పెడుతున్నాను. చూడండి, అంచులు కరుగుతున్నాయి. డెకార్ట్ వాసన పోతుందన్నాడు. ఇక్కడ నిజానికి ముందు వాసన ఎక్కువైంది, ముందు వరసలో వాళ్ళకి తెలుస్తోంది. సరే, మారింది కదా, ఆయన వాదానికి అది చాలు. ఇప్పుడు రంగు చూడండి, నూనెలా అయిపోయింది. ఆకారం పోయింది. గరిటె ఎలా ఉంటే అలా ఉంది. ముట్టుకోలేం. కొడితే చప్పుడు లేదు. అయిదు ఇంద్రియాలు చెప్పినవాటిలో ఒక్కటీ మిగల్లేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఇది ఇందాకటి మైనమేనా?

అదే. అందరూ అదే అంటున్నారు. ఎలా తెలిసింది మీకు? కళ్ళు చెప్పాయా? కళ్ళు వేరే ఏదో చూపిస్తున్నాయి. ముక్కు చెప్పిందా? వేలు చెప్పిందా? ఊహ చెప్పిందా? మైనం ఎన్ని ఆకారాలు తీసుకోగలదో లెక్కలేదు, అన్నిటినీ ఊహించి చూసి నిర్ణయించలేం. మరి ‘అదే’ అని చెప్పిందెవరు? బుద్ధి చెప్పింది అంటాడు డెకార్ట్. కిటికీలోంచి వీధిలోకి చూస్తే టోపీలు, కోట్లు కనిపిస్తాయి, వాటి కింద మరబొమ్మలు కూడా ఉండొచ్చు, అయినా మనుషులు వెళ్తున్నారు అంటాను, అంటే కన్ను చూసిందనుకున్నది నిజానికి బుద్ధి నిర్ణయించింది అంటాడు. గరిటె దించు బాబూ, థాంక్స్. పక్కన పెట్టు, ముట్టుకోకు.

కాబట్టి డెకార్ట్ గీటురాయి ఎక్కడుంది? బయట లేదు, లోపల ఉంది. బుద్ధికి స్పష్టంగా, ఏ మసకా లేకుండా, ఏది కనిపిస్తుందో అది నిజం. బాగానే ఉంది. కానీ వెంటనే ఒక కుర్రవాడు అడ్డం పడ్డాడు. ఆంత్వాన్ ఆర్నో, అప్పటికి ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. అయ్యా, స్పష్టంగా కనిపించింది నిజమని మీకు భరోసా ఎవరిచ్చారు? దేవుడున్నాడు, ఆయన మోసం చెయ్యడు కాబట్టి అంటున్నారు. దేవుడున్నాడని ఎలా తెలిసింది? స్పష్టంగా కనిపించింది కాబట్టి అంటున్నారు. మళ్ళీ గానుగ. డెకార్ట్ గొప్పతనం ఏమిటంటే, ఈ అభ్యంతరాలన్నీ తన పుస్తకంలోనే, తన జవాబులతో కలిపి అచ్చువేశాడు. ఎంతమంది చేస్తారండీ ఆ పని? ఆయన జవాబు నాకైతే సరిపోలేదు. ఆ తర్వాత 1684లో జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ ఇంకో మాట అన్నాడు: స్పష్టంగా ఉందా లేదా అని తేల్చడానికి గుర్తులేవో చెప్పకపోతే ఈ సూత్రం ఎందుకూ పనికిరాదని. చూశారా, గీటురాయికి గుర్తు అడుగుతున్నాడు.

ఇప్పుడు స్పినోజా. ఈయన గురించి ఒక్క విషయమే చెబుతాను, టైమ్ లేదు. 1632లో ఆమ్‌స్టర్‌డామ్‌లో యూదుల ఇంట పుట్టాడు. 1656లో, ఇరవై మూడేళ్ళ వయసులో, వాళ్ళ సమాజం ఆయన్ని వెలివేసింది. అద్దాలు సానబట్టి, కటకాలు చేసి బతికాడు. దృష్టిని సరిచేసే పనే చేతి పని. ఆయనేమంటాడంటే, అసలు మీరు గీటురాయి అడగడమే తప్పు అంటాడు. దీపం ఉంది. దీపం తనను తాను చూపిస్తుంది, చీకటి ఏదో కూడా అదే చూపిస్తుంది. దీపాన్ని చూడడానికి ఇంకో దీపం తెస్తామా? నిజం కూడా అంతే, తనకు తానే ప్రమాణం, అబద్ధానికీ తానే ప్రమాణం. తెలిసినవాడికి తనకు తెలుసని తెలుస్తుంది. మోంటేన్ గానుగకి ఇంతకన్నా సూటి జవాబు లేదు. మన మీమాంసకులు స్వతఃప్రామాణ్యం అంటారు, అంటే జ్ఞానానికి ప్రమాణం బయటినుంచి రానక్కర్లేదని. ఆ మాట విన్నవాళ్ళకి ఇది దగ్గరగా అనిపిస్తుంది, కానీ తొందరపడి రెండూ ఒకటే అనకండి, దారులు వేరు.

స్పినోజాలో నాకు ఇష్టమైనది సూర్యుడి ఉదాహరణ. సూర్యుణ్ణి చూస్తే ఓ రెండు వందల అడుగుల దూరంలో ఉన్నట్టు అనిపిస్తుంది. అసలు దూరం ఎంతో చదువుకున్నాక ఏమవుతుంది? ఆ అనిపించడం ఆగదు. అలాగే దగ్గరగా అనిపిస్తూనే ఉంటుంది. అయితే పొరపాటు ఎక్కడుంది? అనిపించడంలో లేదు. అసలు సంగతి తెలియకపోవడంలో ఉంది. కన్ను అబద్ధం చెప్పలేదు పాపం, దాని పని అది చేసింది.

ఇక జాన్ లాక్. అదే 1632లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. చదివింది వైద్యం. ఒకసారి అయిదారుగురు స్నేహితులు లాక్ గదిలో కూర్చుని ఏదో వేరే విషయం మాట్లాడుకుంటూ చిక్కులో పడ్డారు. ఎటూ తేలడం లేదు. అప్పుడు ఈయనకి తట్టింది: ముందు మన బుద్ధి ఎంతవరకు అందుకోగలదో చూసుకోవాలి కదా అని. ఆ రోజు మొదలైన పని దాదాపు ఇరవై ఏళ్ళకు, 1689 చివర్లో, పెద్ద పుస్తకమై బయటికొచ్చింది. దాని మీద 1690 అని వేశారు.

ఆ పుస్తకంలో నాలుగు భాగాలు. క్లాసుల్లో మొదటి రెండూ చెబుతాం: పుట్టుకతో వచ్చే భావాలు లేవు, అన్నీ అనుభవం నుంచే వస్తాయి. ఒకే నీళ్ళు ఒక చేతికి చల్లగా, ఇంకో చేతికి వేడిగా ఎలా తగులుతాయి, ఆ ఉదాహరణ కూడా చెబుతాం. నాలుగో భాగం దగ్గరికి వచ్చేసరికి పరీక్షలొస్తాయి, వదిలేస్తాం. నేనూ ముప్ఫై ఏళ్ళు అలాగే వదిలేశాను. రిటైరయ్యాక కూర్చుని చదివితే అసలు గుండెకాయ అక్కడుంది. లాక్ అక్కడ ఏమంటాడు? ఖచ్చితమైన జ్ఞానం చాలా కొంచెమే. మిగతా బతుకంతా, నూటికి తొంభై పాళ్ళు, బహుశా నిజం కావచ్చు అన్నదాని మీదే నడుస్తుంది. మనలో వెలిగించిపెట్టిన కొవ్వొత్తి మన పనులన్నిటికీ సరిపోతుంది అని పుస్తకం మొదట్లోనే అన్నాడు. సూర్యుడంత వెలుగు లేదని కూర్చుంటే పని జరగదు.

మరి ఆ ‘బహుశా’కి తూకం ఎలా? రెండు తూకాలు. ఒకటి, నా అనుభవంతో కలుస్తోందా? రెండు, చెప్పేవాళ్ళ సాక్ష్యం. సాక్ష్యంలో ఆరు చూడమన్నాడు. ఎంతమంది చెబుతున్నారు? నిజాయితీపరులేనా? వాళ్ళకి ఆ విషయం తెలిసే యోగ్యత ఉందా? పుస్తకంలోదైతే రాసినవాడి ఉద్దేశం ఏమిటి? చెప్పినదాంట్లో ముక్కకీ ముక్కకీ పొంతన ఉందా? ఎదురు సాక్ష్యం ఏమైనా ఉందా? ఇప్పుడు మీ ఫోన్లో వచ్చే ఏ మెసేజ్‌కైనా ఈ ఆరూ పెట్టి చూడండి.

ఇక్కడ ఒక కథ చెబుతాడు. సయాం రాజు కథ. సయాం అంటే ఇప్పటి థాయ్‌లాండ్. డచ్చి రాయబారి ఒకాయన రాజుగారికి హాలండ్ విశేషాలు చెబుతున్నాడు. రాజు ఇష్టంగా వింటున్నాడు. మా దేశంలో చలికాలం ఒక్కోసారి నీళ్ళు ఎంత గట్టిపడతాయంటే మనుషులు వాటి మీద నడుస్తారు, ఏనుగు ఉంటే ఏనుగుని కూడా మోస్తాయి అన్నాడు. రాజు ఏమన్నాడంటే, ఇప్పటిదాకా నువ్వు చెప్పిన వింతలన్నీ నమ్మాను, నువ్వు నెమ్మదైన, నిజాయితీ గల మనిషివనుకుని నమ్మాను, ఇప్పుడు మాత్రం నువ్వు అబద్ధమాడుతున్నావని ఖాయంగా తెలిసింది అన్నాడు.

నవ్వకండి. మనలో ఎంతమంది గడ్డకట్టిన చెరువు మీద నడిచారు? మా చెల్లెలి కొడుకు మిన్నెసోటాలో ఉంటాడు. ఒక జనవరిలో ఫోటో పంపాడు, సరస్సు నడిమధ్యన కారు, కారు పక్కన వాడు. మా అమ్మ ఆ ఫోటో కళ్ళజోడు పెట్టుకుని చూసింది, తీసి చూసింది. ‘దీని కింద నీళ్ళేనా?’ అంది. అవునన్నాను. ‘చేపలుంటాయా?’ అంది. ఉంటాయన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘వాడు చెప్పాడు కాబట్టి సరే’ అంది. లాక్ చెప్పిన తూకం అంతా ఆ ఒక్క మాటలో ఉంది. అనుభవం ఒక పళ్ళెంలో, మనిషి మీద నమ్మకం ఇంకో పళ్ళెంలో.

ఇప్పుడు లా ఫ్లెష్‌కి వద్దాం, గుర్తుందా? డెకార్ట్ చదివిన ఊరు. ఆయన చదువైన నూట ఇరవై ఏళ్ళ తర్వాత, 1735 ప్రాంతంలో, ఎడిన్‌బరో నుంచి ఒక కుర్రవాడు వచ్చి ఆ ఊళ్ళో ఉన్నాడు. డేవిడ్ హ్యూమ్. తన మొదటి పుస్తకం చాలావరకు అక్కడే రాశాడు. అదే జెస్యూట్ కాలేజీ వసారాల్లో ఒక జెస్యూట్‌తో నడుస్తూ మాట్లాడుతుండగా, ఆయన తమ మఠంలో జరిగిన ఒక అద్భుతం గురించి చెప్పాడట. దాన్ని కాదనడానికి వాదం వెతుక్కుంటుంటే, అద్భుతాల మీద తన వాదం అప్పుడే తట్టింది అని హ్యూమ్ తర్వాత ఉత్తరంలో రాసుకున్నాడు. 1748లో అది అచ్చయింది. అందులో మళ్ళీ ఆ మంచు కథ వస్తుంది, ఈసారి భారతదేశపు రాజు అంటాడు. మంచు సంగతి మొదటిసారి విని నమ్మని ఆ రాజు సరిగ్గానే ఆలోచించాడు అంటాడు. చూశారా! తనకు తెలిసిన ప్రకృతికి పోలికే లేని సంగతి అది, గట్టి సాక్ష్యం అడగడం న్యాయమే.

కానీ తర్వాత చేర్చిన ఒక గమనికలో హ్యూమ్ ఇంకో అడుగు వేశాడు. నాకు చాలా విలువైనదనిపించే అడుగు. సుమత్రా వాళ్ళు తమ దేశంలో నీళ్ళని ఎప్పుడూ నీళ్ళుగానే చూశారు. నిజమే. కానీ చలికాలంలో రష్యా నీళ్ళని వాళ్ళు ఎప్పుడైనా చూశారా? చూడలేదు. మరి అక్కడేమవుతుందో వాళ్ళ అనుభవం ఎలా చెబుతుంది? ఆ సంగతి వాళ్ళ అనుభవానికి విరుద్ధం కాదు, వాళ్ళ అనుభవానికి అందనిది. విరుద్ధం వేరు, అందనిది వేరు. ఈ రెంటినీ కలిపేస్తే ఎంత నష్టమో మన ఇళ్ళల్లో, మన వాదాల్లో రోజూ చూస్తున్నాం.

అందుకే నాకు సయాం రాజు మీద కోపం లేదు. ఆయన అనుమానించడం తప్పని నేననను. ‘ఇంకా నమ్మలేకపోతున్నాను’ అని ఉంటే లాకూ ఒప్పుకునేవాడు, హ్యూమూ ఒప్పుకునేవాడు. ఆయన ‘ఖాయంగా తెలిసింది, నువ్వు అబద్ధమాడుతున్నావు’ అన్నాడు. నమ్మలేకపోవడం నుంచి అబద్ధం అనడానికి ఒక్క గంతు వేశాడు. ఆ మధ్యలో ఎంత చోటుందో! గీటురాయి వెతికినవాళ్ళందరూ చివరికి ఆ చోటులోనే పనిచేశారని నా అభిప్రాయం.

ఇంతకుముందు ఒకాయన చీటీ పంపారు, ‘మరి రాజు ఏం చెయ్యాల్సింది మేడమ్?’ అని. మంచి ప్రశ్న. అప్పటి సయాం రాజధాని అయుత్థయలో డచ్చి కంపెనీ కోఠీ ఉండేది. ఆ కంపెనీవాళ్ళు మన మచిలీపట్నంలో కూడా ఉన్నారు, ఇక్కడి బట్టలు అటు తీసుకెళ్ళేవాళ్ళు. అంటే రాయబారి ఒక్కడే కాదు. గుమాస్తాలున్నారు, వంటవాళ్ళున్నారు, వడ్రంగులు, నావికులు ఉన్నారు. వాళ్ళలో ఓ పదిమందిని వేరువేరుగా, ఒకరి మాట ఒకరికి వినబడకుండా పిలిపించి, మీ ఊళ్ళో చలికాలం కాలువలు ఎలా ఉంటాయి అని అడగాల్సింది. ఏనుగు మాట మాత్రం తను ముందుగా ఎత్తకూడదు.